పండు తిందామా, తాగుదామా?

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఒక మే నెల సాయంత్రం మా ఆసుపత్రికి ఒక మామ్మగారు మూడేళ్ళ మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. పిల్లవాడి కళ్ళు లోతుకు పోయాయి. పొట్ట మీది చర్మాన్ని పట్టి వదిలితే మడత మడతగానే నిలిచిపోతున్నది. ఏడుస్తున్నాడు గాని కంట నీరు లేదు.

"పొద్దుట్నించీ నీళ్ళలా విరేచనాలండి. ఒంట్లో నీళ్ళు పోతుంటే తాగించమని మీరే గదండీ చెబుతారు? అందుకనే మామిడిపండు రసం తీసి, పంచదార దండిగా వేసి, బండి మీద అమ్మే ఐసు కలిపి గంటకో గ్లాసు పట్టించేనండి. తాగిందల్లా తాగినట్టే పోతావుందండి. పండే గదండీ ఇచ్చేను, విషం ఇవ్వలేదు గదండీ!" అన్నదామె కళ్ళనీళ్ళు పెట్టుకుని.

పిల్లవాడికి వెంటనే సెలైన్ పెట్టాం. కొంచెం తేరుకున్నాక ఓఆర్ఎస్ ద్రావణం చెంచాతో పట్టించాం. మూడోనాటికి లేచి తిరిగాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు మామ్మగారు నన్ను ఒక ప్రశ్న అడిగింది: "ఇంతకీ పళ్ళరసం ఎలా చేసుకోవాలో, ఎవరికి ఇవ్వాలో చెప్పండి బాబూ!" ఆ వేళ వార్డులో రద్దీగా ఉండి రెండు ముక్కల్లో చెప్పి పంపాను. ఆ ప్రశ్నకు పూర్తి జవాబే ఈ వ్యాసం.

పట్నాల్లో కుర్రకారు ఈమధ్య 'స్మూతీ' అంటున్నారు. పండును పాలతోనో పెరుగుతోనో కలిపి మెత్తగా చిలికి తాగడమే అది. పేరు కొత్తది గాని మనకు ఆ రుచి కొత్తది కాదు. పెరుగన్నంలో మామిడిపండు నంజుకుని తినని గోదావరి ఇల్లు ఉన్నదా? పళ్ళు ఊడిన తాతగారికి చక్రకేళి పండును పాలలో మెదిపి పెట్టని కోడలు ఉన్నదా? ఆ పళ్ళెమే ఇప్పుడు గ్లాసయింది. అయితే పండు పళ్ళెంలో ఉన్నప్పుడు లేని చిక్కులు కొన్ని గ్లాసులోకి దిగేటప్పుడు వస్తాయి. అవేమిటో చూద్దాం.

నమలడం వేరు, మింగడం వేరు

ఒక బత్తాయిపండు వలుచుకుని తింటే మీకు పది నిమిషాలు పడుతుంది. రెండోది తినబుద్ధి కాదు. అదే రసం తీస్తే ఒక గ్లాసుకు మూడు నాలుగు కాయలు కావాలి. ఆ గ్లాసు ఖాళీ కావడానికి అర నిమిషం చాలు. మూడు నాలుగు పళ్ళలోని చక్కెర ఒక్కసారిగా కడుపులోకి దిగింది. పీచు మాత్రం జల్లెడలో మిగిలి చెత్తబుట్టకు పోయింది. ఈ పీచే చక్కెరను మెల్లగా రక్తంలోకి వదిలేది. మలబద్ధకం రాకుండా చూసేదీ, కడుపు నిండిన తృప్తినిచ్చేదీ అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర విషయమై కొన్ని సూచనలు చేసింది. పండును పండుగా తింటే అందులోని చక్కెరను లెక్కలోకి తీసుకోలేదు. పిండి తీసిన రసంలోని చక్కెరను మాత్రం తేనె, పంచదార పాకాలతోపాటు ఒకే గాటన కట్టింది. రోజుకు 2000 కాలరీల ఆహారం తీసుకునే మనిషి ఇటువంటి చక్కెరను 50 గ్రాములు దాటనివ్వకూడదు; 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిది. ఇక మనం రసంలో అలవాటుగా వేసే నాలుగు చెంచాల పంచదార సుమారు 20 గ్రాములు. అంటే ఆ ఒక్క గ్లాసుతోనే రోజు కోటా దాదాపు అయిపోయిందన్నమాట.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెబుతాను. యాభై దాటాక నాకు మధుమేహం బయటపడింది. ఆ రోజుల్లో పొద్దున రౌండ్లు ముగించగానే గ్లాసుడు బత్తాయి రసం తాగడం నాకు అలవాటు. రోగులకు కాఫీలో పంచదార మానమని చెప్పే నేను, పండు రసమే గదా అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆ గ్లాసు మాని, కాయను తొనలుగా తినడం మొదలుపెట్టాను. మందులు మానలేదు గాని, చక్కెర అదుపులోకి రావడానికి ఆ మార్పు కూడా ఉపకరించింది.

కాబట్టి మొదటి సూత్రం: పండు నమిలి తినగలిగినవారు తినడమే మేలు. తాగాలనుకుంటే రసం పిండి వడకట్టవద్దు. పండు మొత్తాన్నీ గుజ్జుగా చిలికి, పీచుతో సహా తాగండి. చక్కెర కలపవద్దు.

ఎంత పండు కావాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన దేశీయుల కోసం ఆహార మార్గదర్శకాలను సవరించి ప్రచురించింది. వారి లెక్కలో పెద్దవారికి రోజుకు సుమారు 100 గ్రాముల పండ్లు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. 100 గ్రాములంటే ఒక మోస్తరు అరటిపండో, ఒక జామకాయో. గంపెడు పండ్లు కొననక్కరలేదని గృహిణులు గమనించాలి. పండ్లరసం తాగుతున్నాం గదా అని కూర మానేయడం మాత్రం పొరపాటు.

మన నేల పండ్లు

గోదావరి డెల్టా వారికి పండ్ల కోసం దూరం చూడవలసిన పని లేదు. రావులపాలెం అరటి మార్కెట్టుకు వచ్చే గెలలు ఎన్నో రాష్ట్రాలకు వెళుతున్నాయి. కొవ్వూరులో అరటి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానమే ఉన్నది. కర్పూర చక్రకేళి, తెల్ల చక్రకేళి, అమృతపాణి, వీటిలో ఏదైనా గ్లాసుకు పనికివస్తుంది. 100 గ్రాముల అరటిపండు గుజ్జు సుమారు 100 కాలరీల శక్తిని, మంచి మోతాదులో పొటాషియం లవణాన్ని ఇస్తుంది.

వేసవిలో కొత్తపల్లి కొబ్బరి, పండూరు మామిడి, రసాలు, బంగినపల్లి వస్తాయి. పచ్చని మామిడి గుజ్జులో విటమిన్ 'ఎ'గా మారే కెరోటిన్ ఉంటుంది, కంటికి మంచిది. జామకాయను చవక అని చిన్నచూపు చూస్తాం గాని, 100 గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ 'సి' ఉంటుంది. నారింజ, బత్తాయిలు దాని దరిదాపులకు రావు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు భోజనంతోపాటు జామకాయ తింటే అన్నం, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము పట్టదు. పెరట్లోని బొప్పాయి, సపోటా కూడా మంచివే.

ఖరీదైన పండులోనే బలం ఉందన్న భ్రమ వద్దు. ఆపిల్‌పండు కొనలేకపోయామని రోగి బంధువులు నా దగ్గర నొచ్చుకుంటూ ఉంటారు. రెండు అరటిపండ్లు, ఒక జామకాయ తెచ్చినందుకు నొచ్చుకోవలసిన పని లేదు.

కార్బైడు మాట

కాయలను త్వరగా పండించడానికి కొందరు వ్యాపారులు కాల్షియం కార్బైడు వాడతారు. తడి తగలగానే అది అసిటిలీన్ వాయువునిస్తుంది. కాయ రంగు తిరుగుతుంది. ఈ పొడిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అనే విషపదార్థాల జాడలుంటాయి. మన దేశంలో దీన్ని పండ్లకు వాడటం నిషిద్ధం. ఇథిలీన్ వాయువును గదుల్లో పరిమితంగా వాడి మాగబెట్టడానికి అనుమతి ఉన్నది. పండు తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేదీ ఇథిలీనే. మన పెద్దలు మామిడికాయలను వరిగడ్డిలో కప్పి మాగేయడంలో ఉన్న రహస్యం ఇదే: కాయల నుంచి వచ్చే వాయువు బయటికి పోకుండా గడ్డి ఆపుతుంది.

చూడటానికి ఒళ్ళంతా ఒకే పసుపు, కోస్తే లోపల గట్టి, వాసన లేదు, రుచి చప్పన: ఇటువంటి పండును అనుమానించండి. తొక్క మీద బూడిదలాంటి పొడి కనబడితే కొనవద్దు. వీలైతే పచ్చికాయలు తెచ్చి ఇంట్లోనే గడ్డిలో మాగేసుకోండి.

ఏ పండైనా కోయకముందే ధార నీటి కింద చేత్తో రుద్ది కడగాలి. తొక్క తీసేసే పండుకు కడగడమెందుకంటారా? తొక్క మీది మురికిని కత్తి లోపలికి తీసుకుపోతుంది.

చేసే పద్ధతి

రెండు గ్లాసులకు కొలత చెబుతాను. బాగా పండిన అరటిపండు ఒకటి, తియ్యటి పెరుగు ఒక గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్ళు అర గ్లాసు, వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్ళు పిడికెడు, ఒక ఏలకి గింజల పొడి. ముందు వేరుశనగ గుళ్ళను మెత్తగా పొడి చేసుకుని, తక్కినవి కలిపి ఒక నిమిషం తిప్పాలి. ఒక్కొక్క గ్లాసులో సుమారు 150 కాలరీలు, ఐదారు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పొద్దున్నే బడికి పరుగెత్తే పిల్లవాడికి ఉత్త కాఫీ కంటే ఎంతో మేలు. వేరుశనగలో ముడుచుకుపోయినవీ, బూజు పట్టినవీ ఏరిపారేయండి. ఆ బూజులోని విషం కాలేయానికి చేటు.

మామిడి కాలంలో అరటి బదులు ఒక కప్పు మామిడి గుజ్జు, పల్చని మజ్జిగ కలపండి. జామపండును నీళ్ళతో తిప్పి, నిమ్మరసం, చిటికెడు మిరియాల పొడి వేయండి. గింజలు పంటి కింద పడటం ఇష్టం లేకపోతే గింజలను మాత్రం తీసి గుజ్జును ఉంచండి. బొప్పాయిని పాలతో కలిపితే వెంటనే తాగేయాలి. నిలవ ఉంటే చేదెక్కుతుంది.

మిక్సీ లేదా? కరెంటు పోయిందా? గిన్నెలో పండును చేత్తో మెదిపి, పెరుగు పోసి కవ్వంతో చిలకండి. ఏమీ తక్కువ కాదు.

పండు బాగా పండినదైతే పంచదార అక్కరే ఉండదు. నాలుక అలవాటు పడటానికి కొన్నాళ్ళు పడుతుంది. మొదటి వారం అర చెంచా, రెండో వారం పావు చెంచా, ఆ తరువాత ఏమీ వద్దు. బెల్లం, తేనె మంచివి గదా అంటారు కొందరు. రక్తంలోకి చేరాక అవీ చక్కెరే సుమా!

నీళ్ళు, ఐసు, జారు

పండు వల్ల జబ్బు చేసిందని వచ్చేవారిలో చాలామందికి జబ్బు తెచ్చింది పండు కాదు. అందులో కలిసిన నీళ్ళు, ఐసు, చేతి మురికి. వేసవిలో మన కాలువలు కట్టేస్తారు. చాలా ఊళ్ళలో చెరువుల్లో ముందే నింపుకున్న నీళ్ళే తాగునీటికి ఆధారం. ఆ నీటి మట్టం తగ్గేకొద్దీ కల్మషం పెరుగుతుంది. టైఫాయిడ్, కామెర్లు, అతిసారం తెచ్చే సూక్ష్మజీవులు కంటికి కనబడవు. నీళ్ళు తేటగా ఉన్నాయి గదా అని మోసపోవద్దు. తెర్లి పొంగు వచ్చాక ఒక నిమిషం పాటు మరగనిచ్చి దించండి. చల్లారాక మూతపెట్టిన కుండలో పోసుకుంటే ఐసు అక్కర ఉండదు.

బజారు ఐసు కలపవద్దు. చేపల పెట్టెల్లో వేయడానికి చేసిన ఐసు ఏ నీళ్ళతో చేశారో, ఏ గోనెలో చుట్టారో, ఏ రోడ్డు మీద పగలగొట్టారో మీకు తెలియదు. గడ్డకట్టినంత మాత్రాన సూక్ష్మజీవులన్నీ చావవు.

మిక్సీ జారును నీళ్ళతో తొలిచి బోర్లించడం చాలదు. మూత చుట్టూ ఉండే రబ్బరును తీసి చూడండి. నిన్నటి గుజ్జు అక్కడ ఉంటుంది. బ్లేడు కింద కూడా అంతే. వాడిన వెంటనే సబ్బుతో కడిగి ఆరబెట్టాలి.

చేసిన పానీయం అప్పటికప్పుడు తాగాలి. మన ఎండల్లో పాలు, పండు కలిసిన గ్లాసు బయట గంటసేపుంటే చెడటం మొదలవుతుంది. పొద్దున చేసి సాయంత్రానికి దాచడం వద్దు. ఫ్రిజ్‌లో ఉంది గదా అనకండి. కరెంటు పోయి వస్తూ ఉంటే అది ఉత్త బీరువాయే.

ఎవరు జాగ్రత్తపడాలి?

పసిపిల్లలు: ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క రసం కూడా వద్దు. ఆ తరువాత పండును మెత్తగా మెదిపి చెంచాతో తినిపించండి. రెండేళ్ళలోపు పిల్లలకు పండ్లరసాలు ఇవ్వవద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం సలహా. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు.

మధుమేహ రోగులు: పండు మీకు నిషిద్ధం కాదు. జామ, బొప్పాయి ముక్కలు కొద్దిగా, భోజనాల మధ్య తినవచ్చు. గ్లాసులో పోసుకుని మాత్రం తాగవద్దు. ఒక్క సందర్భంలో మినహాయింపు: మందు వేసుకుని తిండి ఆలస్యమై చెమటలు పట్టి, ఒణుకు పుట్టి, కళ్ళు తిరిగితే అప్పుడు తీపి రసమో, చక్కెర నీళ్ళో వెంటనే తాగాలి.

మూత్రపిండాల రోగులు: కొబ్బరిబోండాం, అరటి, ఇతర పండ్లరసాలలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి ఒంట్లో అది పేరుకుపోతుంది. దానితో గుండె కొట్టుకోవడం గతి తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. కొబ్బరితోటల మధ్య ఉండే మనకు ఈ హెచ్చరిక మరీ అవసరం. చలవ చేస్తుందని రోజుకు నాలుగు బోండాలు తాగి, కాళ్ళూ చేతులూ పట్టు తప్పి, నాడి మందగించి వచ్చిన మూత్రపిండాల రోగిని నేను చూశాను. సమయానికి తెచ్చారు గనుక బతికాడు. రక్తపోటుకు రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు, లేదా స్పైరోనోలాక్టోన్ వాడేవారి ఒంట్లో కూడా పొటాషియం పెరగవచ్చు. అందరూ భయపడనక్కరలేదు, మీ డాక్టరును అడిగి, రక్తపరీక్ష చేయించుకుని పరిమితి తెలుసుకోండి.

ఇనుము మాత్రలు వేసుకునే గర్భిణులు వాటిని పాలు కలిసిన పానీయంతో మింగవద్దు. రెండింటి మధ్య రెండు గంటల వ్యవధి ఉంచండి.

ఇక ఎవరికి ఈ గ్లాసు నిజంగా మేలు? పళ్ళు లేని వృద్ధులకు, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవారికి, నమలలేక చిక్కిపోతున్నవారికి. వారికి పెరుగు, పండు, వేరుశనగ కలిసిన పానీయం మంచి ఆహారం.

విరేచనాలవుతుంటే?

మామ్మగారి మనవడికి జరిగిందేమిటో ఇప్పుడు చెబుతాను. ఆవకాయ జాడీలో ఉప్పు ఏం చేస్తుంది? మామిడి ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. పేగుల్లో చక్కెర మోతాదు మించితే అదే జరుగుతుంది. ఒంట్లోని నీటిని అది పేగుల్లోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. తాగించాలన్న ఆమె ఆలోచన సరైనదే. తాగించిన వస్తువు సరైనది కాదు. దానికి తోడు ఐసు.

చక్కెర, ఉప్పు తగుపాళ్ళలో ఉంటేనే పేగులు నీటిని లోపలికి పీల్చుకుంటాయి. ఓఆర్ఎస్ పొట్లం చేసే పని ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలనప్పుడు, బెంగాలులోని బనగాఁవ్ వద్ద డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణంతోనే ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే, సాధారణంగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో, పొట్లం మొత్తం కలపండి. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అర చదును చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోసి మళ్ళీ కలపండి. తల్లిపాలు మానవద్దు, తినే పిల్లలకు మెదిపిన అరటిపండు, పెరుగన్నం పెట్టవచ్చు. డాక్టరు చెప్పిన జింకు మందును విరేచనాలు తగ్గినా 14 రోజులు వాడండి.

దుకాణంలో కొనేటప్పుడు కూడా చూసుకోండి. ఓఆర్ఎస్ అన్న అక్షరాలు పేరులో పెట్టుకుని తియ్యటి పండ్ల పానీయాలు చాలాకాలం అమ్ముడయ్యాయి. దీనిపై హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడకూడదని ఆదేశించింది. ఒకటి మరచిపోవద్దు: పెట్టె మీద మామిడిపండు బొమ్మ ఉంటే అది విరేచనాల మందు కాదు.

మూత్రం ఆగినా, కళ్ళు లోతుకు పోయినా, మలంలో రక్తం కనబడినా, బిడ్డ మత్తుగా పడివున్నా ఇంట్లో ప్రయోగాలు కట్టిపెట్టి ఆసుపత్రికి తీసుకురండి.

కొన్ని అపోహలు

పాలు, పండు కలిస్తే విషమా? కాదు. పుల్లని పండు తగిలితే పాలు విరుగుతాయి; కడుపులో ఆమ్లం తగిలినా విరుగుతాయి. అరటిపండు జలుబు చేస్తుందా? జలుబుకు కారణం వైరస్‌లు. మామిడిపండుకు సెగగడ్డలు లేస్తాయా? చెమట, మురికి, సూక్ష్మజీవులు కలిసి గడ్డలవుతాయి. అయితే కాయ ముచ్చిక దగ్గరి సొన చర్మానికి తగిలితే మంట, పొక్కులు నిజమే. అందుకే పెద్దలు మామిడిపండ్లను నీళ్ళలో వేసి ఉంచి, సొన కడిగి తినమన్నారు. ఆ మాట వినదగ్గదే.

ఆ మామ్మగారు తరువాత ఒకసారి బీపీ మాత్రల కోసం వచ్చింది. మనవడు కూడా వెంట ఉన్నాడు. చేతిలో సగం కొరికిన జామకాయ. "రసం చెయ్యట్లేదండి, కాయే ఇస్తన్నానండి" అన్నది నవ్వుతూ. నేను చెప్పదలచింది ఆమె ఒక్క మాటలో చెప్పింది. నమలగలవారికి పండు, నమలలేనివారికి శుభ్రంగా చేసిన గ్లాసు, విరేచనాలప్పుడు ఓఆర్ఎస్. ఈ మూడూ ఒకదాని స్థానంలో ఒకటి రాకుండా చూసుకుంటే ఈ వేసవి మీ ఇంటిల్లిపాదికీ సుఖంగా గడుస్తుంది.